మైనర్ పెంటటోనిక్ మొదటి బాక్సు గారికి ఒక అద్దెదారు విన్నపం

మహారాజశ్రీ ‘ఏ’ (A) మైనర్ పెంటటోనిక్ మొదటి బాక్సు గారికి,
గిటారు మెడ మీద ఐదో ఫ్రెట్టు (మెట్టు) మొదలు ఎనిమిదో ఫ్రెట్టు వరకు, ఆరు తీగల వీధి.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, నా ఎడమచేతి ఉంగరపువేలి కొస అందుకు ఒప్పుకోవడం లేదు. ఐదు స్వరాల కోసం గిటారు మీద వేళ్లు పెట్టే చోట్ల పటమే గదా తమరు; పదిహేను రోజులు ఉండి పోదామని మీ ఇంట్లో దిగినవాడిని, నేటికి రెండేళ్లు కావస్తున్నా గడప దాటలేదు. మీ మీద ఫిర్యాదు రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, అందుకు కావలసిన సాక్ష్యాలు కూడా పోగుచేసుకుంటూ వచ్చాను. ఆ సాక్ష్యాల గతి ఏమైందో విన్నవించుకోవడానికే ఈ లేఖ.

అమెరికా నల్లజాతివారి బాణీ అయిన బ్లూస్ గిటారు నేర్చుకుంటానని వెళ్లిన మొదటి రోజున మాస్టారు మిమ్మల్ని నాకు పరిచయం చేసిన తీరు ఇంకా గుర్తుంది. ఈ సంగీతంలో ఉన్నవల్లా మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), పన్నెండు బార్లు (తాళపు ఆవృత్తాలు), ఐదు స్వరాలేననీ, ఈ గదిలో ఎక్కడ వేలు పెట్టినా తప్పు స్వరం పలకదనీ ఆయన అభయమిచ్చారు. రేషను కార్డు మొదలుకొని ఆధార్ కార్డు దాకా సగం జీవితం కార్డుల కోసం వరసల్లో నిలబడి గడిపినవాడికి, మూడే మూడు కార్డులతో పని జరిగిపోయే చోటు ఒకటి ఉన్నదంటే ఎంత ఊరటగా ఉంటుందో మీరే ఊహించుకోండి. షడ్జమం మీద నాలుగు బార్లు, మధ్యమం మీద రెండు, మళ్లీ షడ్జమం మీద రెండు, పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండు బార్లలో ఇంటికి తిరిగి రావడం, ఇంతే లెక్క. ఆ లెక్క మీద మీ ఐదు స్వరాలు చల్లితే బ్లూస్ అయిపోతుందని నమ్మి, ఆ సాయంత్రమే బయానా ఇచ్చేశాను.

తప్పు స్వరం లేని ఇల్లు అని బోర్డు కట్టినవారు, ఒప్పు స్వరం ఎక్కడ పెట్టారో చెప్పకపోవడం న్యాయమేనా? మీ గదిలో తీగకు రెండేసి చొప్పున మొత్తం పన్నెండు చోట్లున్నాయి. నేను పైనుంచి కిందికి దిగుతాను, కిందినుంచి పైకి ఎక్కుతాను. అపార్టుమెంటులో లిఫ్టు కూడా ఇదే పని చేస్తుంది గాని, దాన్ని ఎవరూ సంగీతం అనలేదు. మా అత్తగారు చిన్నప్పుడు పదేళ్లపాటు పాట నేర్చుకున్న మనిషి. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం షడ్జమంతో కలిస్తే శుద్ధ ధన్యాసి అవుతుందని, అంటే అన్నమయ్య ‘భావములోన’ కీర్తనను నేడు మనం వింటున్న రాగమే అవుతుందని, మొదటి వారంలోనే కనిపెట్టారు. రెండో వారంలో వంటింట్లోంచి వచ్చి, “శుద్ధ ధన్యాసికి ఏమీ కాలేదు కదండీ అల్లుడుగారూ, రోజూ సాయంత్రం దాన్ని పరామర్శిస్తున్నారెందుకు?” అని చాలా మర్యాదగా అడిగారు.

ఆ మాట తరువాతనే మీ మీద వ్యాజ్యం వేయాలన్న ఆలోచన బలపడింది. ఇంత ఇరుకు గదిలో మనిషన్నవాడు కాపురం చేయలేడని నిరూపించాలంటే, ఇదివరకు ఇక్కడ ఉండి వెళ్లినవారి వాంగ్మూలాలు కావాలి గదా. అందుకని రాత్రిపూట అందరూ పడుకున్నాక, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీ పాత అద్దెదారులను ఒక్కొక్కరినే పిలిపించాను.

మొదటి సాక్షి బి.బి. కింగ్ గారు. 1925లో అమెరికాలోని మిసిసిపీలో పుట్టి, పత్తి చేలలో పనిచేసి, మెంఫిస్ చేరి, ప్రపంచమంతా తిరిగిన పెద్దమనిషి. తనకు కార్డులు వాయించడం సరిగా చేతకాదని ఆయనే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. పాడేటప్పుడు వాయించరు, వాయించేటప్పుడు పాడరు. ఇది నా కేసుకు బలమని సంబరపడ్డాను. తీరా వింటే, ఆయన ఒక్క స్వరాన్ని మోగించి, దాన్ని వేలి కింద అటూ ఇటూ వణికించి, చాలా సేపు ఊరుకుంటారు. ఆ ఊరుకోవడంలో నేను రెండేళ్లుగా వాయించినదంతా కొట్టుకుపోయింది. తీగ మీద లోహపు గొట్టం జార్చి వాయించే తన బంధువు బుకా వైట్ నాదాన్ని అనుకరించబోయి, ఆ పద్ధతి పట్టుబడక, వేలి వణుకుతోనే ఆ పని చేయించుకున్నానని ఆయన చెప్పేవారు. చేతకానితనం నాకూ పుష్కలంగా ఉంది గాని, దాన్నుంచి ఇలాంటిదేదీ ఇంతవరకు పుట్టలేదు. పైగా ఆయన ఎక్కువగా మసలిన చోటు మీ గది కూడా కాదు. ‘ఏ’ (A) శ్రుతిలో అయితే రెండో తీగ పదో ఫ్రెట్టు చుట్టూ నాలుగైదు స్వరాల మేర ఉండే చిన్న వసారా. గిటారు నేర్చుకునేవాళ్లందరూ దాన్ని బి.బి. బాక్సు అనే పిలుస్తారు. మీ ఇల్లు ఇరుకని వాదించబోయిన నాకు, మీకంటే ఇరుకైన చోట మహారాజులా బతికిన మనిషి సాక్షిగా దొరకడం నా ఖర్మ కాక మరేమిటి?

ఆయన గిటారు పేరు లూసిల్ అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1949 చలికాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో ఆయన వాయిస్తుండగా, ఇద్దరు మగవాళ్లు కొట్టుకుని, హాలును వెచ్చబెట్టడానికి పెట్టిన కిరసనాయిలు పీపాను తన్నేశారు. మంటలు లేచాక బయటికి పరుగెత్తిన కింగ్ గారు, లోపల గిటారు మరిచానని గుర్తొచ్చి మళ్లీ మంటల్లోకి వెళ్లి తెచ్చుకున్నారు. కొట్లాట లూసిల్ అనే ఆవిడ కోసమని తరువాత తెలిసి, అలాంటి తెలివితక్కువ పని మరెన్నడూ చేయకూడదని గుర్తుండడానికి గిటారుకు ఆ పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో నిప్పంటుకుంటే నా గిటారు లోపలే ఉండిపోయిందని గుర్తుచేసేవాళ్లు ఒక్కరూ ఉండరని నాకు గట్టి నమ్మకం.

రెండో సాక్షి ఆల్బర్ట్ కింగ్. బి.బి. గారికి చుట్టం కాదు, పేరు మాత్రమే ఒకటి. ఎడమచేతివాటం మనిషి కావడంతో, కుడిచేతివాళ్ల వరసలో తీగలు కట్టిన గిటారును అలాగే తలకిందులుగా పట్టుకుని వాయించారు. సన్నని తీగలు పైకి వచ్చాయి గనుక, మేమంతా ఆపసోపాలు పడుతూ పైకి నెట్టే తీగను ఆయన కిందికి లాగేవారు. ఒకే ఫ్రెట్టు మీద వేలుంచి, ఆ తీగను లాగిన మేరకు ఒకటి, రెండు, మూడు స్వరస్థానాలు పలికించి, మళ్లీ ఏమీ ఎరగనట్టు బయల్దేరిన చోటికి వచ్చేవారు. మన వీణ విద్వాంసులు మెట్టు మీద తీగ లాగి గమకం పలికించడం చూసినవారికి ఇది వింతగా తోచదు. గడప దాటకుండానే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగివచ్చిన మనిషిని పిలిచి, గది చాలదని చెప్పమంటే ఆయన మాత్రం ఎందుకు చెబుతారు?

గది సంగతి అలా ఉంచి, పన్నెండు బార్ల మీద పడదామనుకున్నాను. ఎప్పుడూ అదే చక్రం, అదే తిరుగుడు, గానుగెద్దు బతుకు అని వాదించడానికి జాన్ లీ హుకర్ గారిని పిలిపించాను. డెట్రాయిట్ కర్మాగారాల్లో ఊడ్చే పని చేస్తూ 1948లో ఆయన రికార్డు చేసిన మొదటి హిట్టు పాటలో ఉన్నవి ఒక గొంతు, ఒక గిటారు, నేలకు తాటించిన పాదం. మూడు కార్డులు కూడా లేవు. ఒక్క దాని మీదే కూర్చున్నారు. బార్లు పదకొండైనా పదమూడైనా ఆయన ఇష్టం, మాట పూర్తయినప్పుడు బారు పూర్తవుతుంది. నేను లెక్క తప్పినప్పుడు మాస్టారితో హుకర్ గారి పేరు చెప్పి చూశాను. ఆయన లెక్క తప్పితే పాదం తప్పలేదనీ, నాకు రెండూ తప్పాయనీ మాస్టారు సెలవిచ్చారు.

వయసు మీరిందన్న సాకు కూడా నిలబడలేదు. ఎలిజబెత్ కాటన్ గారు మీ అద్దెదారు కారు, ఆమె వాయించింది వేరే బాణీ. అయినా చెప్పుకోక తప్పదు. ఆమె కూడా ఎడమచేతివాటమే, ఆమె గిటారు కూడా తలకిందులే. బాల్యంలోనే పాట కట్టి, ఆ తరువాత దశాబ్దాలపాటు గిటారు పక్కనపెట్టి, ఇళ్లలో పనిచేసుకుని బతికి, అరవయ్యేళ్లు దాటాక మొదటి రికార్డు ఇచ్చి, తొంభయ్యో పడిలో గ్రామీ అందుకున్నారు. నలభై రెండేళ్లకే మోకాలి నొప్పి గురించి మాట్లాడే నేను ఆ పూట నోరు మూసుకున్నాను.

ఇక మిగిలింది దొడ్డిదారి. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర 61, 49 నంబరు రహదారులు కలిసే కూడలిలో అర్ధరాత్రి సైతానుకు ఆత్మను అమ్ముకుని రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడు విద్య సంపాదించాడని లోకమంతా చెప్పుకునే కథ మీరూ వినే ఉంటారు. నా ఆత్మ ఇప్పటికే ఇంటి లోను కింద తాకట్టులో ఉన్నప్పటికీ, నిరభ్యంతర పత్రం ఏదైనా దొరుకుతుందేమోనని ఆ కథను తవ్వి చూశాను. ఆ బేరం కథ మొదట చెప్పింది వేరే గాయకుడు టామీ జాన్సన్ గురించి. తరువాతి కాలంలో అది రాబర్ట్ మెడకు చుట్టుకుంది. రాబర్ట్ కుర్రతనంలో గిటారు పట్టుకుంటే జనం భరించలేకపోయేవారని పాత తరం బ్లూస్ గాయకుడు సన్ హౌస్ గారు గుర్తుచేసుకున్నారు. ఈ ఒక్క ముక్క విన్నప్పుడు నా ప్రాణం లేచివచ్చింది. కొంతకాలం కనిపించకుండా పోయి తిరిగివచ్చినప్పుడు మాత్రం అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఆ మధ్యకాలంలో అతడికి నేర్పింది సైతాను కాదు, ఐక్ జిమ్మర్‌మన్ అనే మామూలు మనిషి. రాత్రిళ్లు ఇద్దరూ సమాధుల మధ్య కూర్చుని సాధన చేసేవారట, అక్కడైతే అభ్యంతరం చెప్పేవాళ్లుండరు గనుక. 1936, 1937లలో రెండు దఫాలుగా, శాన్ ఆంటోనియోలోనూ డల్లాస్‌లోనూ, 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్లకే అతడు కన్నుమూశాడు. సైతాను దగ్గరికి బయల్దేరినవాడికి చివరికి కాలనీ శ్మశానవాటిక దారి కనిపించింది. దాని గేటు సాయంత్రం ఆరింటికే మూసేస్తారని వాచ్‌మన్ చెప్పడంతో ఆ ప్రయత్నమూ విరమించుకున్నాను.

ఇంతమందిని పిలిచాక నా దృష్టి నా సామాను మీద పడింది. ఒక గిటారు, ఒక ఆంప్లిఫయరు, శ్రుతి చూసే పరికరం, ధ్వనిని మార్చే నాలుగు పెడళ్లు, ఆ నాలుగింటికి కరెంటు ఇచ్చే ఐదో పెట్టె. మిసిసిపీ ప్రాంతపు పత్తి తోటల్లో గిటారు కొనలేని పిల్లలు చీపురుకు చుట్టిన ఇనుప తీగను విప్పి, రెండు మేకులతో ఇంటి గోడకు బిగించి, కింద సీసా దోపి వాయించుకునేవారు. అంటే వాళ్లకు ఇల్లే వాద్యం. 1936లో లూసియానాలో పుట్టిన బడ్డీ గై గారైతే చిన్నతనంలో కిటికీ దోమతెర తీగలు పీకి వాయిద్యం చేసుకున్నారు. ఇంట్లోకి దోమలెలా వస్తున్నాయో వాళ్లమ్మకు అర్థమయ్యేది కాదట. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ మిసిసిపీలోని స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడుపుతుండగా 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, జాన్ వర్క్ వచ్చి ఆయన పాటను రికార్డు చేశారు. 1943లో షికాగో రైలెక్కిన ఆయన, అక్కడి సారా దుకాణాల గోలలో మామూలు గిటారు వినబడదని ఎలక్ట్రిక్ గిటారు పట్టారు. ఆయనకు ఆంప్లిఫయరు అవసరం నలుగురికీ వినబడడానికి కలిగింది. నేను మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా ఉండడానికి అదే యంత్రాన్ని వాడుతున్నాను.

వ్యాజ్యం ఇలా వీగిపోయినా, ఒక మరమ్మతు ఫిర్యాదు మాత్రం మిగిలే ఉంది. మీ గదిలో మూడో తీగ ఐదో ఫ్రెట్టు దగ్గర ఒక కిటికీ ఉంది. అది సాధారణ గాంధారం. కింద మోగే మొదటి కార్డులో ఉన్నదేమో దానికి ఒక స్వరస్థానం పైనుండే అంతర గాంధారం. కిటికీ మూసి ఉంచితే కార్డుతో ఒరుసుకుంటుంది. పూర్తిగా తెరిచి అంతర గాంధారానికి నెడితే బ్లూస్ కాస్తా బయటికి ఎగిరిపోతుంది. అది సగంలో బిగుసుకుపోయి ఉంది. తీగను పావు స్వరం మేర, అంటే బియ్యపుగింజ మందం నెట్టి అక్కడ ఆగాలని మాస్టారు చెబితే, ఇది నిర్మాణ లోపమని వాదించాను. తప్పు స్వరం లేదన్న మీ బోర్డు ఈ సందు గురించి ఒక్క ముక్క చెప్పదు.

మొన్న శనివారం సాయంత్రం, ఏడో ప్రయత్నమో డెబ్బయ్యో ప్రయత్నమో, వేలు ఆ సందులో ఒక్క క్షణం ఆగింది. వంటింట్లో మిక్సీ ఆగింది. “ఆ గాంధారం మన లెక్కల్లో లేదండీ,” అన్నారు అత్తగారు గుమ్మంలోకి వచ్చి. కాసేపు నిలబడి, “ఇంకోసారి అనండి,” అన్నారు. ఇంకోసారి రాలేదు. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు, మిక్సీ మళ్లీ మోగింది.

కావున తమరు దయతలచి నా అద్దె గడువును మరో పదకొండు నెలలు పొడిగించవలసిందిగానూ, సదరు కిటికీకి ఎటువంటి మరమ్మతు చేయించవద్దనిగానూ కోరుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఐదో ఫ్రెట్టు అద్దెదారు.

తా.క.: పదో ఫ్రెట్టు దగ్గరి వసారాలో ఖాళీ లేదని నాకు తెలుసు. ఆదివారాలు వెళ్లి బయట చెప్పులు విడిచి కాసేపు కూర్చోవడానికి అనుమతి దొరుకుతుందేమో కనుక్కోగలరు.