లోపలి అంచు ఎవరూ చూడరు
బయటి నుంచి చూస్తే పికప్ బండి ముందు టైరు కొత్తదానిలాగే ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూస్తే లోపలి అంచున వైర్లు తేలి ఉంటాయి! ఆ టైరుతోనే మదనపల్లె టమాటా లోడు వేసుకుని తిరుపతి దారిలోని భాకరాపేట ఘాట్ దిగాలి. డ్రైవర్ ప్రాణానికి పూచీ ఎవరిది?

అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచేయించడానికి తీసుకెళ్తే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే సరిచేసి డబ్బులు తీసుకుని పంపేస్తారు. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్, చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్ లూజుగా ఉంటే ఆ కొలత ఎన్నాళ్లు నిలుస్తుంది? నాలుగు గుంతలు దాటితే మళ్లీ మొదటికే. జాకీ వేసి చక్రాన్ని పట్టుకుని ఊపితే ఆ లూజు చేతికే తెలుస్తుంది. అది కూడా చూడరు! కొలతల రిపోర్టు అడిగితే విసుక్కుంటారు. నడుమ అరిగితే గాలి ఎక్కువని, రెండు అంచులూ అరిగితే తక్కువని టైరే చెబుతుంది కదా. ఒక్క లోపలి అంచే అరిగితే తప్పు గాలిది కాదు. ఆ జాయింట్లు మార్చకుండా కొత్త టైర్లు వేసినా అవీ ఇలాగే పోతాయి.