ర్యాంకు అడిగాం, అప్పు సంగతి అడగలేదు

మా అమ్మాయి లా చదువుతానన్న రోజు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. లాయరంటే మన్‌హట్టన్‌లో అద్దాల మేడ, చేరిన ఏడాదే 2,25,000 డాలర్ల జీతం అని వాళ్లమ్మ ఎక్కడో చదివి ఉంది. "అది కాదమ్మా, పబ్లిక్ ఇంటరెస్ట్ లా" అంది పిల్ల. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లు, డిపోర్టేషన్ నోటీసు అందుకున్నవాళ్లు, లాయర్ని పెట్టుకోలేక జైల్లో మగ్గేవాళ్లు, వీళ్ల తరఫున నిలబడే పని. జీతం చాలాచోట్ల 60, 70 వేల దగ్గర మొదలవుతుంది. విజయవాడ నుంచి మా బావగారు ఫోన్లో "అంటే పిల్ వేస్తుందన్నమాట" అన్నారు. ఔనన్నాను. అంతకన్నా వివరంగా చెప్పే ఓపిక ఆరోజు నాకు లేదు.

ఇక స్కూలు ఎంపిక. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన ప్రాణం కదా, నా చెయ్యి తిన్నగా యూఎస్ న్యూస్ పత్రిక వేసే లా స్కూళ్ల ర్యాంకుల జాబితా మీదికే పోయింది. ఎక్సెల్ షీటు తెరిచి మొదటి గడిలో ర్యాంకు రాశాను. ఆ జాబితాలో దశాబ్దాల పాటు మొదటి స్థానంలో ఉన్న యేల్ లా స్కూలే 2022 నవంబరులో "మీ లెక్కకు మేం వివరాలివ్వం" అని తప్పుకుందని అప్పటికి నాకు తెలియదు. స్కూలు ఇచ్చే ఫెలోషిప్ మీద పేదల తరఫున పనిచేసే పట్టభద్రుల్ని ఆ లెక్క దాదాపు నిరుద్యోగుల కింద జమకడుతోందన్నది యేల్ ఫిర్యాదుల్లో ఒకటి. హార్వర్డ్ అదే రోజు అదే దారి పట్టింది, ఇంకా చాలా స్కూళ్లు కదిలాయి. తర్వాత పత్రికవాళ్లు సూత్రం మార్చారనుకోండి. కానీ మనమ్మాయి ఎంచుకున్న పనికి సున్నా మార్కులు వేసిన పరీక్షను చూసి నేను స్కూళ్లను వరస పెట్టానే అని తర్వాత సిగ్గేసింది.

నా వాదన ఒక్కటే. ఈ దారిలో వెళ్లే పిల్లలకు ర్యాంకు కంటే ముందు అప్పు చూడాలి. డిగ్రీ అయ్యాక ఆ అప్పే వాళ్ల ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది.

పెద్ద ప్రైవేటు లా స్కూళ్లలో ఒక్క ఫీజే ఏడాదికి 80 వేల డాలర్ల చుట్టూ ఉంది. అద్దె, తిండి కలిపితే లక్ష దాటుతుంది. అలాంటివి మూడేళ్లు. ఇన్నాళ్లూ గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) రుణం ఖర్చు ఎంతైతే అంత ఇచ్చేది. 2025లో వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు అది లేదు. లా విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు, అక్కడితో సరి. మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గర తేవాలి. చిక్కంతా ఇక్కడే. ప్రభుత్వంలో గానీ లాభాపేక్ష లేని సంస్థలో గానీ పూర్తికాలం పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగిలిన బాకీ రద్దు చేసే పథకం 2007 నుంచీ ఉంది. పీఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. అది ఫెడరల్ అప్పుకే వర్తిస్తుంది. ప్రైవేటు బ్యాంకుకి మీ అమ్మాయి ఎవరి తరఫున వాదిస్తోందో అక్కర్లేదు.

అందుకే లా స్కూలుకి వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి మాట "మీ ఎల్‌రాప్ ఎలా ఉంటుంది?" అని. తక్కువ జీతపు ఉద్యోగంలో చేరిన పూర్వ విద్యార్థుల వాయిదాల్లో కొంత స్కూలే కట్టిపెట్టే ఏర్పాటది. హార్వర్డ్‌లో లిప్ అనీ, యేల్‌లో కోప్ అనీ ఒక్కోచోట ఒక్కో పేరు. ఎంత జీతం దాటితే ఆపేస్తారు, ప్రైవేటు అప్పును కూడా లెక్కలోకి తీసుకుంటారా, ఎన్నేళ్లిస్తారు, ఇవన్నీ కాగితం మీద చూసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. చాలాచోట్ల భార్యాభర్తల ఆదాయం కలిపి చూస్తారు. మన సంబంధాల సంగతి తెలిసిందేగా. అల్లుడు సాఫ్ట్‌వేరైతే ఎల్‌రాప్ గోవిందా! పెళ్లిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది.

స్కాలర్‌షిప్ ఇస్తామన్నారని పొంగిపోకండి. ఫలానా గ్రేడు నిలబెట్టుకుంటేనే అన్న షరతు కొన్నిచోట్ల ఉంటుంది. మార్కులు ఒకరితో ఒకరికి పోటీగా వేసే తరగతిలో అందరూ నిలబెట్టుకోలేరు. ఏ స్కూల్లో ఎంతమందికి అలా ఊడిందో అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన 509 కింద ప్రతి స్కూలూ బయటపెట్టాల్సిందే. పట్టా వచ్చిన పది నెలలకు ఎవరెక్కడ పనిచేస్తున్నారో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. అందులో పబ్లిక్ ఇంటరెస్ట్ వరస చూడండి. పూర్తికాలం, దీర్ఘకాలం ఉద్యోగాలెన్నో, స్కూలు సొంత డబ్బుతో కొద్దికాలం పెట్టినవెన్నో విడివిడిగా కనిపిస్తాయి. బ్రోషర్లో ఫొటోల కన్నా ఆ ఒక్క పేజీ నయం.

పేరున్న చోట ఇలాంటివాళ్ల కోసమే దారులుంటాయి. న్యూయార్క్ యూనివర్సిటీలో రూట్-టిల్డెన్-కెర్న్ స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు. లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో దీనికి ప్రత్యేకంగా ఒక కార్యక్రమముంది. బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ చదువు మధ్యలోనే పనికి పంపుతుంది. న్యూయార్క్ నగరం క్వీన్స్‌లో ఉన్న సిటీ యూనివర్సిటీ లా స్కూలు, క్యూనీ, 1983లో మొదలైందే ఇందుకోసం. న్యూయార్క్ వాసులకు అక్కడి ఫీజు ఆ 80 వేలలో పావు వంతు కూడా ఉండదు. వీటితోపాటు లాయరు లైసెన్సుకు రాసే బార్ పరీక్షలో ఎందరు గట్టెక్కుతున్నారో కూడా చూడాలి. ఆశయం ఎంత గొప్పదైనా బార్ పాసవకపోతే కోర్టు గడప తొక్కలేరు.

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నంత మాత్రాన ఫెడరల్ అప్పు రాదు. అప్పు రానప్పుడు రద్దు మాటే లేదు. అమెరికా న్యాయశాఖలో అటార్నీ కావాలంటే పౌరసత్వం కావాలి. ఇలాంటి పిల్లలకు ఫీజు తక్కువున్న స్కూలు తప్ప మరో మార్గం నాకు తోచడం లేదు.

"ర్యాంకు లేని స్కూలు నుంచి వస్తే ఎవరు పట్టించుకుంటారు?" అని మొన్న ఉగాది సంబరాల్లో ఒకాయన అడిగాడు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించాడు. ఆయన ఏ కాలేజీలో లా చదివాడో సాయం కోసం ఆయన దగ్గరికొచ్చినవాళ్లు అడిగి ఉంటారా? పౌరహక్కుల లాయర్లు కన్నబిరాన్‌నీ, బొజ్జా తారకంనీ అడిగారా?

పోనీ మన గుమ్మం ముందుకే వద్దాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం గుర్తుందా? వీసా మోసాలు పట్టడానికి అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖవాళ్లే వలగా నడిపిన దొంగ యూనివర్సిటీ అది. పట్టుబడ్డ విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. నేరం కేసులో లాయర్ని పెట్టుకోలేనివాడికి ప్రభుత్వమే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో చెప్పింది. ఇమిగ్రేషన్ కోర్టుకు అది వర్తించదు. సొంతంగా వెతుక్కోవాలి, లేదా ఒంటరిగా జడ్జి ముందు నిలబడాలి. ఆ వారం ఇక్కడి మన తెలుగు సంఘాల పెద్దలు లాయర్ల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మన పిల్లల్లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లు లెక్కలేనంతమంది. ఈ పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వచ్చింది.

కాబట్టి మన తెలుగు సంఘం కార్యవర్గానికి నాదో కోరిక. లా విద్యార్థులు లీగల్ ఎయిడ్ ఆఫీసుల్లో వేసవిలో చాలాసార్లు ఉత్తినే పనిచేస్తారు. మహాసభలకు వచ్చే ఒక సినిమా తారకు కొనే బిజినెస్ క్లాస్ టికెట్ డబ్బుతో ఒక పిల్లకు ఆ వేసవి అద్దె కట్టొచ్చు. తార రాకపోతే జనం రారంటారా? సరే, ఇద్దరు వచ్చేచోట ఒకరిని పిలవండి.

మా అమ్మాయి ఆఖరికి క్యూనీలోనే చేరింది. నేను ఎక్సెల్ షీట్లో మొదటి గడి చెరిపేశాను, అది కూడా తను ముందే మనసులోంచి చెరిపేశాక. ఇప్పుడు మూడో ఏడాది, స్కూలు నడిపే లీగల్ క్లినిక్‌లో ప్రొఫెసర్ పర్యవేక్షణలో నిజం కేసులు చూస్తోంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, అఫిడవిట్‌ని తెలుగులో ఏమంటారు?" అంది. ఎవరికోసమో చెప్పలేదు, చెప్పకూడదట. "ప్రమాణపత్రం" అన్నాను కాస్త గర్వంగా. పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది. "ఆంటీకి అర్థం కాలేదు. అఫిడవిట్టే కదమ్మా అంటున్నారు."