ఖడ్గమృగం పావలాకి లక్షలు రావు, నమ్మకండి

ఈమధ్య మా కోనసీమలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే వీడియో. ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలా బిళ్ళ ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయట. ఆ స్టీలు పావలాలు 1988 నుంచి 2002 దాకా కోట్లలో కొట్టారు. 2011 జూన్ 30తో చెల్లుబాటు ఆగింది. అందులో అరుదేముంది? మా వీధిలో ఒక పిన్నిగారు 'రిజిస్ట్రేషన్' అంటే ఫోన్లోనే డబ్బు పంపేశారు. ఆ తర్వాత అవతలివాళ్ళు ఫోన్ ఎత్తితే ఒట్టు. పాత నాణేల కొనుగోళ్ళతో మాకు సంబంధం లేదు, ఏ ఫీజూ అడగం అని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. ఆ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు!

ఈ గోలలో నిజంగా చూడాల్సిన పావలాని ఎవరూ చూడట్లేదు, నా బాధ అది. విలువ ఉంటే టంకశాలలో, అంటే నాణేలు కొట్టే చోట, జరిగిన పొరపాటుకి ఉంటుంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇవి పొరపాట్లు కావు, టంకశాల గుర్తులు. వీటిని చూపించి కూడా వేలు అడుగుతున్నారు.

అసలు పొరపాట్లంటే ఇవీ. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు, ముందు కోసిన కన్నం మీదికి మళ్ళీ కోత పడితే అంచు నెలవంకలా తెగిపోతుంది. ఆకురాయితో అరగదీసి ఇదే అని అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త. అసలుదైతే చాలావరకు, తెగినచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు కూడా పలచబడి ఉంటుంది. ఇంకోటి, నాకు ప్రాణమైనది: కొట్టిన నాణెం కింద పడకుండా అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ లోతుగా, కుడి ఎడమలు మారి పడుతుంది. చేత్తో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. రెండు అచ్చుల్లో ఒకటి పక్కకి తిరిగిపోయి, ఒకవైపు బొమ్మ వాలినవి కూడా ఉంటాయి గానీ, కొద్దిపాటి వాలుకి ఎవరూ పెద్దగా ఇవ్వరు.

రాజమండ్రి వంతెన మీంచి గోదారమ్మకి వేసిన పావలాలు ఎన్నో! తాడుకి అయస్కాంతం కట్టి లాగితే స్టీలువి వస్తాయి, అల్యూమినియం అయిదు పైసలు రావు. కానీ ఏళ్ళ తరబడి ఇసుకలో ఒరుసుకున్న బిళ్ళ మీద టంకశాల తప్పేదో, ఏటి ఒరిపిడేదో తేల్చడం కష్టం. దానికన్నా అమ్మమ్మల పోపుల డబ్బాలు, దేవుడి ముడుపులు చూడండి.

దొరికితే మాత్రం కొబ్బరి పీచూ బూడిదా పెట్టి తోమకండి. గీతలు పడితే సేకరించేవాళ్ళు ముఖం తిప్పేసుకుంటారు. రెండు వైపులా, అంచుతో సహా ఫొటోలు తీసి కింద పెట్టండి, చూసి చెప్తాను. దానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.