కరివేపాకు గురించి ఎవరు, ఎప్పుడు అడగవచ్చు

ఆదివారం ఉదయం ఆరున్నరకు బెంగళూరు లాల్‌బాగ్ కొండ మీద కూడే మా తెలుగు మిద్దెతోటల బృందంలో క్రమశిక్షణ సన్నగిల్లుతోంది. ఆ రాతి వయసు 300 కోట్ల ఏళ్లట. ఇన్నేళ్లలో అది ఎన్ని చూసిందో గానీ, పోయిన నెల జరిగింది మాత్రం చూసి ఉండదు. మారతహళ్లి నుంచి వచ్చిన ఓ కుర్రాడు, ఇంకా ఎవరి ఫ్లాస్కు మూతా తియ్యకముందే, "అంకుల్, మా కరివేపాకు పచ్చబడిపోతోంది, ఏం చెయ్యాలి?" అని అడిగేశాడు.

నమస్కారం లేదు, ఉపోద్ఘాతం లేదు. పైగా ఆ 'పచ్చ' ఏ పచ్చ? గుంటూరాయన ఆకుపచ్చ అనుకుని అభినందించాడు. హిందూపురం ఆవిడ పసుపుపచ్చ అనుకుని సానుభూతి తెలిపింది. ఎవరిది సరైన తెలుగో తేలేసరికి పావుగంట పోయింది.

అసలు కొత్త సంగతి ఎత్తేవాళ్లు అది ఇదివరకు వచ్చిందో లేదో తెలుసుకుని రావాలి. కరివేపాకు ప్రశ్న నాకు గుర్తుండి పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ పుల్ల మజ్జిగ పొయ్యమన్నాం. ఇదంతా ఎక్కడైనా రాసి ఉందా అంటారేమో, లేదు. వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. నేను మూడేళ్లు నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆ మూడేళ్లలో మా ఇంట్లో నాలుగు పుదీనా కుండీలు ఎండిపోయాయి, అయినా మర్యాద తప్పలేదు.

పోనీ అడిగాడే అనుకుందాం, వివరాలేవీ? లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము చాలలేదని అర్థం. కింది ముదురాకులు ముందు పండిపోతుంటే నత్రజని తక్కువైందేమో చూడాలి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయి నీళ్లు నిలిచినా ఆకు పండుతుంది. డిసెంబరు, జనవరి అయితే అసలు గాబరా పడక్కర్లేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిది, ఈ చలికి కరివేపాకు ఎదగడం మానేసి ముడుచుకు కూర్చుంటుంది. ఏ ఆకులు, ఎంత ఎండ, ఎన్నాళ్లకోసారి నీళ్లు, కుండీకి చిల్లు ఉందా, ఇవేవీ కుర్రాడు చెప్పలేదు. నిజానికి మేమూ అడగలేదు. అడిగితే జవాబు ఒక్క ముక్కలో తేలిపోతుంది. మిగతా గంటన్నర ఏం మాట్లాడుకుంటాం?

అందుకని జీవామృతం అనే ద్రవ ఎరువు సంగతి మొదలుపెట్టాం. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. ఎకరానికి సరిపోయే లెక్క ఇది. "మాది నాలుగో అంతస్తు బాల్కనీ అంకుల్, ఒక్కటే కుండీ" అన్నాడు. ఇలాంటివి ముందే చెప్పొద్దూ! నీళ్ల మాట రాగానే ఒకాయన 2024 మార్చి ఎత్తుకున్నాడు. మొక్కలకు కావేరి నీళ్లు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు అప్పుడు. బియ్యం కడిగిన నీళ్లతో తోటనెలా బతికించుకున్నదీ ఆయన నలభై నిమిషాలు చెప్పాడు. ఆ తర్వాత మామూలే, గోంగూర. మా వాళ్లకు గోంగూర ఆవు వ్యాసం లాంటిది. ఏ చెట్టు పేరెత్తినా దానికే తెచ్చి కట్టేస్తారు. ఒకరి ప్రశ్నలో ఇంకొకరు గోంగూర నాటకూడదనే నియమం మాకూ ఉంది, కాకపోతే అది కొత్తవాళ్లకు.

ఇంత చేస్తే, ఆ కుర్రాడు మూడు వారాలు పత్తా లేడు. సలహా తీసుకున్నవాడు ఫలితం చెప్పి తీరాలి. మనల్ని కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టడం, అదీ కరివేపాకు విషయంలోనే, ఏం మర్యాద?

నిన్న వచ్చాడు. "కుండీ చిల్లు మూసుకుపోయిందంకుల్. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను, చిగురేసింది" అన్నాడు. ఎవరు చెప్పారని నిలదీస్తే, వాళ్ల వీధిలో తోపుడు బండి మీద మొక్కలమ్మే ఆవిడట. మా బృందం ఇంకా ఒక నిర్ణయానికి రాకముందే మొక్క చిగురించడం ఏ పద్ధతి కిందికి వస్తుందో నాకు తెలియదు. ఎవరూ మాట్లాడలేదు. గుంటూరాయన నెమ్మదిగా గోంగూర అందుకున్నాడు.

ఇంతకీ మా మిద్దె మీద నిమ్మచెట్టు ఆరేళ్లుగా పూత పట్టలేదు. బృందంలో నిమ్మ గురించి చెప్పేది నేనే కాబట్టి అడగడానికి వీల్లేదు. వచ్చే ఆదివారం ఆరింటికే వెళ్దామనుకుంటున్నాను. ఆ కుర్రాడు బైకు ఎక్కడ పెడతాడో చూసి ఉంచాను.