గేటు బయట తల్లి

గోడ ఎక్కితే తప్ప, పండక్కి ఇంటికి వెళ్తే తప్ప మన బాలల హోంలలో ఏం జరుగుతోందో లోకానికి తెలియడం లేదు. 2025 జనవరిలో విశాఖపట్నం బాలికల హోం పిల్లలు గోడ ఎక్కి, తమ చేత ఏవో మాత్రలు మింగిస్తున్నారని గొంతు చించుకుని అరిస్తే గానీ విచారణకు ఆదేశాలు రాలేదు. అదే ఏడాది దసరాకు హైదరాబాద్ సైదాబాద్ హోం నుంచి ఇంటికెళ్లిన ఓ పిల్లవాడు తిరిగి రానని మొరాయించి తల్లికి చెప్పుకుంటే గానీ, అక్కడి ఉద్యోగి ఒకరు బాలురపై లైంగిక దాడికి పాల్పడ్డాడన్న ఆరోపణ పోలీసు స్టేషన్ గడప తొక్కలేదు. ఆ ఉద్యోగి అరెస్టయ్యాడు. నేరం రుజువైందో లేదో చెప్పే పని కోర్టుది. విశాఖ ఆరోపణల్లో నిజమెంతో తేల్చే పని విచారణాధికారులది. కానీ రెండుచోట్లా ఒక సంగతి మాత్రం తేలిపోయింది. ఆ పిల్లల గోడు తనిఖీ బృందం చెవిన పడలేదు, ఫిర్యాదుల పెట్టెలోంచి బయటికి రాలేదు. ఒకచోట గోడ ఎక్కాల్సి వచ్చింది, ఇంకోచోట అమ్మ దగ్గరికి చేరాల్సి వచ్చింది.

అమ్మ దగ్గరికి చేరే వీలు లేని పిల్లల సంగతేమిటి? ఈ రాష్ట్రాలను ఏలుతున్నవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నేరారోపణ మీద పట్టుబడి అబ్జర్వేషన్ హోంలో ఉన్న బాలుడు శిక్ష పడ్డ ఖైదీ కాడు. అతనిది ఇంకా విచారణ తేలని కేసు. బాలల న్యాయ చట్టం 2015లో తయారై 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. అందులోని మూడో సెక్షన్‌ను ఈ హోంలను చూసే శాఖ అధికారులు గోడకు రాసి పెట్టుకోవాలి. బిడ్డ నిర్దోషి అనే భావనతోనే విచారణ మొదలుపెట్టాలని, సంరక్షణ బాధ్యత మొట్టమొదట కుటుంబానిదేనని, సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక ఆఖరి మార్గం మాత్రమేనని అందులో స్పష్టంగా ఉంది. ఎనిమిదో సెక్షన్ ఇంకో మెట్టు పైకెక్కి, ప్రక్రియలో అడుగడుగునా బిడ్డతోపాటు తల్లిదండ్రులకూ విషయం తెలిసేలా, వాళ్లూ పాలుపంచుకునేలా చూడటం ఈ పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు విధి అంటోంది. మరి ఆచరణలో ఏం జరుగుతోంది? చట్టంలో మొదటి వరసలో కూర్చోబెట్టిన తల్లిని గేటు బయట నిలబెడుతున్నారు. మా అభ్యంతరమంతా ఈ రెండు నాల్కల ధోరణి మీదే.

ఏ హోం గేటు దగ్గరైనా ములాకత్ రోజు పొద్దున్నే ఓ గంట నిలబడి చూడండి. తెల్లారకముందే ఊరు దాటి వచ్చిన తల్లులు గోడ నీడన చెప్పులు విడిచి కూర్చుని ఉంటారు. ఒడిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఉతికిన చొక్కా, బిస్కట్ పొట్లం, టిఫిన్ డబ్బాలో పులిహోర. వండిన తిండి లోపలికి రానివ్వరని మొదటిసారి వచ్చిన తల్లికి తెలియదు. రాత్రి నిద్ర మానుకుని కలిపిన ఆ అన్నాన్ని ఆమె చివరికి పక్కనున్న వాళ్లకు పెట్టేస్తుంది. ఆధార్ కార్డు జిరాక్స్ కావాలంటారు. జిరాక్స్ షాపు ఎక్కడుందో వెతుక్కుని వచ్చేసరికి వరస పెరిగిపోతుంది. అంతా అయ్యాక దొరికేది కొన్ని నిమిషాలు. ఎదురుగా కొడుకు, పక్కనే నిలబడ్డ సిబ్బంది. అంతమంది చెవుల ముందు ఏ పిల్లవాడు తనకు జరుగుతున్నది నోరు తెరిచి చెప్పగలడు? "బాగున్నావా" అంటే "బాగున్న" అంటాడు. ఆ ఒక్క మాట మూటగట్టుకుని ఆమె బస్సెక్కుతుంది.

బస్సు సంగతీ చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. ప్రభుత్వాలు తమకు తెలియకుండానే ఈ తల్లులకు చేసిన మేలు అదొక్కటే. టికెట్ డబ్బులు మిగిలినా కూలి మాత్రం పోతుంది. తెలంగాణలో 33 జిల్లాలుంటే అబ్జర్వేషన్ హోంలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రతి జిల్లాకూ ఒకటి గానీ, కొన్ని జిల్లాలకు కలిపి ఒకటి గానీ నెలకొల్పాలని చట్టంలో ఉన్న వెసులుబాటులో ప్రభుత్వాలు ఎప్పుడూ రెండో సగాన్నే వాడుకున్నాయి. ఆసిఫాబాద్ అడవి పల్లె తల్లి నిజామాబాద్ వెళ్లి రావాలంటే ఒక పగలు చాలదు. ఆమె మాట్లాడే గోండిని అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉన్నాడో లేడో పట్టించుకునేవారు లేరు.

ఇక బెయిల్ దగ్గరికి వస్తే ఈ రెండు నాల్కలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పన్నెండో సెక్షన్ ప్రకారం బాలుడికి బెయిల్ ఇవ్వడమే నియమం, నిరాకరించడం మినహాయింపు. అది నాన్ బెయిలబుల్ కేసయినా ఇంతే. ష్యూరిటీతో ఇవ్వవచ్చు, లేకుండానూ ఇవ్వవచ్చు. షరతులు తీర్చలేక ఏడు రోజులు లోపలే ఉండిపోతే, వాటిని మార్చడానికి ఆ పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలి. ఈ ఏడు రోజుల సంగతి ఎంతమంది తల్లులకు ఎవరు చెప్పారు? ఇద్దరు జమానతుదారులు కావాలని, ఇంటి పన్ను రసీదు తెమ్మని గుమస్తా చెబితే, సొంతిల్లే లేని మనిషి ఎవరి కాళ్లు పట్టుకోవాలి? బెయిల్ వచ్చినా బిడ్డ బయటికి రాకపోవడం పేదింట్లో వింతేమీ కాదు.

పుణె ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2024 మేలో ఖరీదైన కారుతో ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణాలు తీశాడన్న ఆరోపణ ఎదుర్కొన్న పదిహేడేళ్ల బాలుడికి, 300 పదాల వ్యాసం రాయమంటూ కొన్ని గంటల్లోనే బెయిల్ ఇచ్చారు. దేశం భగ్గుమంటే అబ్జర్వేషన్ హోంకు పంపారు. జూన్ 25న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వులు చెల్లవంటూ అతన్ని మేనత్తకు అప్పగించింది. బెయిల్ ఇచ్చిన బిడ్డను హోంలో ఎలా ఉంచుతారన్న హైకోర్టు ప్రశ్నలో తప్పులేదు, చట్టం చెప్పిందీ అదే. మా బాధ ఆ తీర్పు మీద కాదు. ఆ చట్టం సంపన్నుల బిడ్డ దగ్గరికి పెద్ద పెద్ద లాయర్లను వెంటబెట్టుకుని వెళ్లింది. మేస్త్రీ పని చేసే తండ్రి కొడుకు దగ్గరికి ఎందుకు వెళ్లదు? సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పట్టుబడ్డ పిల్లవాడికి మేనత్తలు లేరా? వాళ్లు పూచీ పడితే చెల్లదా?

హోంల తరఫున చెప్పే మాటలు మాకు తెలియనివి కావు. సిబ్బంది చాలరు, ఉన్నవారిలో చాలామంది కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నారు, చూడటానికి వచ్చే వాళ్ల చేతుల్లో గంజాయి, బ్లేడ్లు లోపలికి వస్తాయి, కొన్ని ఇళ్లలో పిల్లవాణ్ని చెడగొట్టిందే ఆ ఇంటి వాతావరణం. ఇందులో కొంత నిజం ఉంది. కానీ సంచులు వెతకడానికి తల్లి నోరు నొక్కనక్కర్లేదు. సిబ్బంది లేకపోతే నియమించుకునే బాధ్యత ప్రభుత్వానిది, ఆ లోటు భారం తల్లి మీద వేయడం న్యాయం కాదు. ఇల్లు చెడ్డదైతే ఆ ఇంటిని సరిదిద్దే పని కూడా చట్టం ఈ వ్యవస్థకే అప్పగించింది.

ఆ పని ఎలా చేయాలో చట్టంలో పూసగుచ్చినట్టు ఉంది. బిడ్డను పట్టుకున్న వెంటనే తల్లిదండ్రులకు కబురు చేయాలి. 24 గంటల్లో బోర్డు ముందు ప్రవేశపెట్టాలి, లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. రెండు వారాల్లో ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. అంటే ఆయన ఆ ఇంటికి వెళ్లాలి, ఇరుగుపొరుగును పలకరించాలి, బడి ఎందుకు మానేశాడో తెలుసుకోవాలి, తండ్రి తాగుడు, అప్పులు, అన్నీ చూడాలి. బిడ్డ చరిత్రలో ఇంత విలువైన కాగితం ఇంకొకటి లేదు. ఒకే ఆఫీసర్ నెత్తిన కుప్పలుగా కేసులు వేస్తే ఆయన ఇంటికి వెళ్లకుండానే ఫోన్లో నాలుగు ముక్కలు అడిగి ఫారం నింపుతాడు. "తండ్రి కూలీ, ఆర్థిక స్థితి అంతంతమాత్రం" అన్న ఒకే వాక్యం ఫైలు తర్వాత ఫైలులోకి నకలు అవుతుంది. ఆ వాక్యం మీద ఆధారపడి తయారైన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో ఇక ఏం ఉంటుంది? టైలరింగ్, కంప్యూటర్, యోగా. పిల్లవాడు ఇంటికెళ్లాక అతనికి ఎదురయ్యే అప్పులవాడి గురించి అందులో ముక్క ఉండదు.

విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, మరీ అవసరమైతే ఇంకో రెండు నెలలు. ఈ గడువునూ కాగితానికే వదిలేశారు. దేశంలో బోర్డుల ముందున్న కేసుల్లో సగానికి పైగా పెండింగ్‌లో ఉన్నట్టు 2025 నవంబరులో ఇండియా జస్టిస్ రిపోర్ట్ అధ్యయనం లెక్కతేల్చింది. ఖాళీలు నింపాలని, బోర్డులు క్రమం తప్పక కూర్చోవాలని సుప్రీంకోర్టు సంపూర్ణ బెహురా కేసులో 2018 ఫిబ్రవరిలోనే గట్టిగా చెప్పింది. మేజిస్ట్రేట్ ఒక్కరే కూర్చుంటే అది బోర్డు కాదు. ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒక మహిళ ఉండాలన్న నియమం పెట్టింది, బిడ్డను కేసు నంబరుగా కాక బిడ్డగా చూసే కళ్లు అక్కడ ఉండాలనే.

తొంభై ఎనిమిదో సెక్షన్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. పరీక్ష ఉన్నా, ఇంట్లో పెళ్లయినా, దగ్గరివాళ్లు చనిపోయినా, తల్లికో తండ్రికో జబ్బు ముదిరినా బిడ్డను పర్యవేక్షణలో ఇంటికి పంపవచ్చు. సాధారణంగా ఏడు రోజుల దాకా, ప్రయాణ సమయం దానికి అదనం. నాయనమ్మ పోయిందని హోంకు కబురొస్తే మనవణ్ని పాడె దగ్గరికి పంపే దారి చట్టంలో ఉంది. ఆ దరఖాస్తు రాసిపెట్టే దిక్కు గేటు దగ్గర లేదు. సైదాబాద్ గుట్టు రట్టయింది ఒక పిల్లవాడు పండక్కి ఇల్లు చేరడం వల్లే. మూడు నెలలకోసారి తనిఖీ బృందం వెళ్లాలని, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలని నిబంధన. నెలకోసారి హోంకు వెళ్లాల్సిన బాధ్యత బోర్డుది. ఇన్ని కళ్లు చూడలేనిది ఒక తల్లి కన్ను చూసింది. అలాంటి కన్నును గేటు బయట పెట్టడం ఎవరి భద్రత కోసం?

ఇక్కడే అధికారులు డెబ్బై నాలుగో సెక్షన్‌ను డాలుగా పట్టుకుంటారు. పిల్లల వివరాలు బయట పెట్టకూడదు కాబట్టి ఏమీ చెప్పలేం అంటారు. పిల్లవాడి పేరు, ఫొటో, ఊరు, బడి బయటికి పొక్కకూడదన్న ఆ సెక్షన్‌ను ఈ పత్రిక అక్షరాలా పాటిస్తుంది. కానీ ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో ఏం రాశారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్నది ఏ బిడ్డ గోప్యత? ఆ సెక్షన్ పిల్లవాడి ముఖాన్ని దాచడానికి పెట్టింది, అధికారి నిర్వాకాన్ని కప్పిపుచ్చడానికి కాదు.

ఎవరి పిల్లలు వీళ్లు? 2022లో దేశవ్యాప్తంగా బాలలే నిందితులుగా 30,555 కేసులు నమోదైతే, పట్టుబడిన వారిలో అత్యధికులు తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవారేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. వీళ్లు ఎవరూ లేని అనాథలు కారు. రేపు విడుదలైతే వెళ్లేదీ ఆ ఇంటికే. నేరం రుజువైన పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహంలో చట్టం ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లే ఉంచగలరు. ఆ తర్వాత ఆ పిల్లవాణ్ని చూసుకోవాల్సింది సూపరింటెండెంట్ కాదు, ఆ తల్లే. ఇంట్లో ఎలా మెలగాలో, కోపం వస్తే ఏం చేయాలో, బడికి మళ్లీ ఎలా పంపాలో ఆమెతో కూర్చుని మాట్లాడిన కౌన్సెలర్ ఎంతమంది ఉన్నారు? కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఇబ్బందుల్లో ఉన్న పిల్లల కుటుంబాలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ ఫైలు నడిపేది జిల్లా బాలల సంరక్షణ విభాగమే, హోం పిల్లల పునరావాసం చూడాల్సిందీ అదే విభాగం. హోంలో ఉన్న పిల్లవాడి వెనక బడి మానే దశలో ఉన్న చెల్లెలు, తమ్ముడు ఉన్నారేమో ఆ విభాగం అడిగి తెలుసుకోవద్దా?

ఇప్పుడు చేయాల్సినదానికి కొత్త చట్టాలు అక్కర్లేదు, కొత్త కమిటీ అసలే అక్కర్లేదు. స్వేచ్ఛ కోల్పోయిన బాలల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన నియమాలు వారానికోసారి, ఎంత తక్కువన్నా నెలకోసారి, ఏకాంతానికి భంగం లేకుండా కుటుంబాన్ని కలవనివ్వాలన్నాయి. ఆ వారం ములాకత్‌ను ఆదివారం పెట్టండి, కూలి పోకుండా ఉంటుంది. సిబ్బంది కంటికి కనిపించేంత దూరంలో, చెవికి వినపడనంత దూరంలో నిలబడాలి. దూరపు తల్లికి వీడియో కాల్ ఇవ్వండి, ప్రతి మండలంలో ఉన్న మీసేవ, సచివాలయం దానికి చాలు. బోర్డు ఉత్తర్వు ఆమె చదవగలిగే తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి. న్యాయసేవాధికార సంస్థ వకీలును ములాకత్ రోజు గేటు దగ్గరే కూర్చోబెట్టండి. ష్యూరిటీ లేక ఏడు రోజులు దాటిన ప్రతి పిల్లవాడి జాబితా ఎనిమిదో రోజు బోర్డు బల్ల మీద ఉండాలి. తనిఖీ నివేదికలను పేర్లు తీసేసి ప్రజల ముందు పెట్టండి.

రెండు రాష్ట్రాల్లో ఈ శాఖను చూస్తున్న మంత్రులు, కార్యదర్శులు ఈ పిల్లల దగ్గరికి బాలల దినోత్సవం నాడు స్వీట్ల పెట్టెతో, కెమెరాలతో వెళ్తుంటారు. ఆ రోజు గేట్లు బార్లా తెరుచుకుంటాయి. ఇకనైనా కెమెరా లేకుండా, ముందు కబురు చేయకుండా ఒక ములాకత్ రోజు వెళ్లండి. లోపలికి కాదు, గేటు బయట వరసలోకి. అక్కడ సంచి పట్టుకుని కూర్చున్న తల్లి మిమ్మల్ని ఒకటే అడుగుతుంది: "సారూ, నా కొడుకును ఎప్పుడు పంపిస్తరు?" తేదీ చెప్పగలిగితేనే ఆమె ముఖం చూడండి.