మహారాజశ్రీ ఫీడు గారికి విశాఖ నుంచి

ఉభయకుశలోపరి. ఫేస్‌బుక్, యూట్యూబుల్లో వరసగా వచ్చిపడే మీకు విశాఖపట్నం వాస్తవ్యులం రాసుకునే విన్నపం ఏమనగా, మా చూపుల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో మా వార్డులకూ వాటా కావాలి. ముందుగా, మీ మతిమరుపు మాకు దిగులుగా ఉంది.

ఆసీలుమెట్టలో కళ్లజోళ్ల కొట్టాయన మీ దగ్గర ప్రకటన కొనాలంటే మ్యాపు మీద ఒక పిన్ను గుచ్చి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అంటే చాలు. ఆ గిరిలో ఎవరున్నారో, వాళ్ల వయసెంతో మీకు కంఠతా వచ్చు. ఛానెల్ ఆదాయం పది డాలర్లకు చేరగానే యూట్యూబు తరఫున పోస్టులో కవరొచ్చి ఇంటి చిరునామా కూడా సరిచూసుకుంటుంది. అంత గుర్తున్నవారికి, వచ్చిన డబ్బు ఎక్కడిదో చెప్పే పూట మాత్రం ఏమీ గుర్తుండదు. 2023 చివరి మూడు నెలలకు ఫేస్‌బుక్ చూపిన తలసరి ఆదాయం అమెరికా, కెనడాల్లో 68.44 డాలర్లు, 'ఆసియా-పసిఫిక్'లో 5.52. జగదాంబ జంక్షనూ, జకార్తా, సిడ్నీ అన్నీ ఒకే గంపలో! ఆ తర్వాత ప్రాంతాలవారీగా ఆ తలసరి లెక్క చెప్పడమే మానేశారు.

ఆ 5.52 డాలర్లు అప్పటి మారకంలో సుమారు 460 రూపాయలు. ఆ ఏడాది ఫేస్‌బుక్ యజమాని మెటా ఆదాయం దాదాపు 13,500 కోట్ల డాలర్లు, నికర లాభం 3,900 కోట్ల డాలర్లు, అంటే 29 శాతం. మా తల మీద లాభం కూడా అదే పాళ్లలో వచ్చిందనుకుంటే 133 రూపాయలు. అందులో పదో వంతు పంచినా మూడు నెలలకు తలకు 13 రూపాయలు. దాంతో ఆర్కే బీచ్‌లో ముంత మిక్చరు కూడా రాదు. పైగా తలకింత అన్నారంటే తెల్లారేసరికి ఒక్కో ఇంట్లో పాతిక తలలు మొలుస్తాయి. కాబట్టి మనిషికి పంచొద్దు. లక్ష మంది పదమూళ్లు కలిస్తే 13 లక్షలు. వార్డుకు పంచండి.

'మేం పంచట్లేదా?' అంటారు. ఎందుకు పంచరు! వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా ఉంటే యూట్యూబు పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో లెక్కతేలిన వాటాలో 45 శాతం ఇస్తుంది. అది కెమెరా పట్టినవారికి. వెనకాల కనిపించే ఫిషింగ్ హార్బరుకూ, భీమిలి దారిలో రీళ్ల కోసం తొక్కి తొక్కి కరిగిపోతున్న ఎర్రమట్టి దిబ్బలకూ ఏం ముట్టింది? సొమ్మొకడిది, సోకొకడిది.

తవ్వినచోటికి సొమ్ము కట్టాలన్నది ఈ దేశంలో కొత్త సంగతి కాదు. గనుల చట్టాన్ని 2015లో సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులవారు రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో వచ్చినవారు 10 శాతం జమ చేస్తారు. మీరు తవ్వేది మా చూపుల్ని, దానికి దుమ్ము లేవదు, లారీ కదలదు, అందుకే ఎవరికీ కనబడదు. 2016లో ఆన్‌లైన్ ప్రకటనల మీద పెట్టిన 6 శాతం లెవీ వెళ్లింది ఢిల్లీకే, అదీ 2025 ఏప్రిల్ 1తో పోయింది. కంపెనీల చట్టం 135వ సెక్షను సగటు నికర లాభంలో 2 శాతం సేవకు ఖర్చు పెట్టమనీ, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వమనీ అంటుంది. అయితే ఇక్కడి కంపెనీ విదేశీ మాతృసంస్థ నుంచి ప్రకటన స్థలం కొని తిరిగి అమ్మే పంపిణీదారు మాత్రమే అయితే, లాభం కాగితం మీద సన్నబడిపోతుంది. అందుకే లాభంలో వాటా వద్దు, ప్రకటన బిల్లులో వాటా కావాలి.

పద్ధతి చెబుతాం, రాసుకోండి. పెద్ద వీడియో మీద 100 రూపాయల ప్రకటన పడింది. తీసినవారి 55 ముట్టుకోవద్దు. మీ 45లో పదో వంతు, నాలుగున్నర రూపాయలు, పక్కన పెట్టండి. రెండుంపావు చూసినవారి పిన్‌కోడుకు, రెండుంపావు తీసిన చోటికి. చోటు తెలియకపోతే మొత్తం చూసినవారికే. పిన్‌కోడు హద్దూ, మా నగరపాలక సంస్థ జీవీఎంసీ వార్డుల హద్దులూ ఒకటి కావు గనక, ఒకే పిన్‌కోడులో ఎన్ని వార్డులుంటే అన్నిటికీ ఓటర్ల సంఖ్యను బట్టి విడదీయాలి.

చెడేది ఎక్కడో కూడా మాకు తెలుసు. దొంగ వ్యూస్ వస్తాయి, అందుకే సొమ్ము రెండు నెలలు ఆపి, ప్రకటనదారుకు వాపసు ఇచ్చినవి తీసేశాకే జమ చేయాలి. డబ్బుందని తెలిస్తే మధురవాడ మేడ మీద తీసిన వీడియోకూ రుషికొండ ట్యాగే పడుతుంది, తీసిన వేళ ఫోను ఎక్కడుందో సరిచూడండి, అది మీకు చేతకాని విద్య కాదు. అన్నిటికంటే ప్రమాదం, వ్యూస్‌కు డబ్బు కలిస్తే యారాడ బండల మీద అలకు ఎదురు నిలబడే కుర్రాళ్లు పెరుగుతారు. హెచ్చరిక బోర్డున్న చోట తీసినదానికి ఆ చోటి వాటా సున్నా. ఇక సొమ్ము కార్పొరేషన్ సాధారణ ఖాతాలో పడిందంటే దేనికి పోయిందో బ్రహ్మకైనా తెలియదు. వార్డుకో విడి ఖాతా, గోడ మీద జమాఖర్చు.

జవాబుగా 'మీ ఫిర్యాదును పరిశీలించాం, మా నియమాల ఉల్లంఘన కనిపించలేదు' అని మర పంపే రెండు ముక్కలు వద్దు. మొదటి త్రైమాసికం బిల్లులు పిన్‌కోడ్లవారీగా ఎక్సెల్ ఫైలుగా పంపండి. వార్డు ఆఫీసులో ప్రింటు తీయించుకుంటాం, కాగితం మేమే తెచ్చుకుంటాం.