ఏ పిస్టల్ మంచిదని అడగకండి, ముందు చెయ్యి చూపించండి

మా షూటింగ్ రేంజ్‌లో ఆదివారం పొద్దున టీ ఫ్లాస్కు మూత తీసేసరికి గొడవ మొదలవుతుంది. రాజకీయాలు కాదు, క్రికెట్ కూడా కాదు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా, మెకానికల్ ట్రిగ్గరా? కంపెనీ ఏది, మొరీనీయా, స్టెయరా, వాల్తరా, పార్దీనీయా? పది మీటర్ల అవతల కాగితానికి చిల్లు పెట్టే పనికి ఇంత పౌరుషం దేనికని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు గొంతు పెంచే వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే నా వాదన ఒకసారి రాసేస్తే ఆ ఫ్లాస్కు దగ్గర కాసేపు టీ తాగనిస్తారేమోనని ఆశ.

నా సంగతి ముందే చెప్పేస్తాను. బ్యాంకు ఉద్యోగం, నలభై మూడేళ్లు, పుర్రచెయ్యి. మా అమ్మాయిని సమ్మర్ క్యాంపులో ఎయిర్ పిస్టల్‌కి చేర్పించాను. అది నెల తిరక్కుండానే మానేసింది. కట్టిన ఫీజు దండగ ఎందుకని నేను వెళ్లి నిలబడ్డాను. ఆరేళ్లయింది, ఇంకా నిలబడే ఉన్నాను.

ఎయిర్ పిస్టల్ చూడని వాళ్ల కోసం ఒక మాట. ఇది మందుగుండుతో కాదు, గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండును వదులుతుంది. దాని చెక్క గ్రిప్ సినిమాల్లో చూపించే పిస్టల్ పిడిలా ఉండదు. అరచేతి గుంటకు తగ్గట్టు ఉబ్బు, బొటనవేలికి చిన్న అరుగు, అరచేతి కింది అంచు ఆనడానికి ఒక మెట్టు ఉంటాయి. అంటే అది ఒక చేతి కోసమే చెక్కింది. మేం నేర్చుకునే చోట ఉన్న పిస్టల్స్ అన్నీ కుడిచేతివి. "కుడిచేత్తో అలవాటు చేసుకోండి మేడమ్, అదే వచ్చేస్తుంది" అన్నారు. అన్నం తినడానికి, పసుపు కుంకుమ అందుకోవడానికి చిన్నప్పటి నుంచి విన్న మాటే కదా, సరే అన్నాను. మూడేళ్లు కుడిచేత్తో కాల్చాను. నా బలమైన కన్ను కూడా ఎడమదే. కుడిచేతిలో పిస్టల్, ఎడమ కన్నుతో గురి, మధ్యలో కొంగలా వంగిన మెడ. ఇంటికొచ్చి మెడకు బామ్ రాసుకునేదాన్ని.

అందుకే బ్రాండ్ల గొడవ వింటే నాకు ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. పది మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. చేతి వణుకుతో పిస్టల్ మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే అక్కడ పెల్లెట్ కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది, పది పదిలాగే ఉంటుంది. కానీ మణికట్టు తిరిగి, గురి చూడ్డానికి పిస్టల్ మీద ఉండే రెండు సైట్లలో వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి. రెండు సైట్ల మధ్య దూరం ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు, టార్గెట్ వెయ్యి సెంటీమీటర్ల దూరం. తప్పు ముప్పై రెట్లు పెరిగి మూడు సెంటీమీటర్లవుతుంది. పది కాస్తా ఏడు. చెయ్యి ఊగితే పర్వాలేదు, మణికట్టు తిరిగితే మాత్రం కొంప మునిగినట్టే. మణికట్టు తిరగకుండా చూసేది గ్రిప్. బ్యారెల్ మీద చెక్కిన పేరు కాదు.

పరీక్ష కూడా సులువే. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తండి, నిలకడగా పట్టుకున్నాక కళ్లు తెరవండి. ముందు సైట్ గాడి మధ్యలో కనిపిస్తే ఆ గ్రిప్ మీది. ఏ కొసకో వెళ్లి కూర్చుంటే, అది రెండు లక్షల పిస్టలైనా మీది కాదు.

నాకు చివరికి దొరికింది సెకండ్ హ్యాండ్ పిస్టల్. అమ్మినాయన కూడా ఎడమచేతి వాటమే, దాంతోపాటే ఎడమచేతి గ్రిప్ ఇచ్చాడు. కానీ ఆయన చెయ్యి నా చేతికి ఒకటిన్నర ఉంటుంది. ఆ రాత్రి నుంచి వంటింటి గట్టు మీద పేపర్ పరుచుకుని కూర్చున్నాను. ముందు చేతికి పౌడర్ రాసుకోవాలి, గ్రిప్‌ను గట్టిగా పట్టుకుని వదలాలి. చెక్క మీద ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ ఒత్తుతోందన్నమాట, అక్కడ ఆకురాయితో రెండే రెండు రుద్దులు. ఎక్కడ అంటలేదో అక్కడ ఖాళీ, కొంచెం వుడ్ పుట్టీ పెట్టి, సగం ఆరాక మళ్లీ పట్టుకుని వేళ్ల అచ్చు దిగనివ్వాలి. పొద్దున్నే గరుకు కాగితం. ఇలా పదకొండు రాత్రులు. మా ఆయన చపాతీ పిండిలో చెక్కపొట్టు వచ్చిందని ఒక పూట అలిగాడు. పన్నెండో రోజు రేంజ్‌లో కళ్లు మూసి చెయ్యెత్తి తెరిచాను. ముందు సైట్ గాడి మధ్యలో నిలబడి ఉంది, రెండు పక్కలా సమానంగా సన్నటి వెలుతురు. కాసేపు ట్రిగ్గర్ నొక్కబుద్ధి కాలేదు.

ఇక ట్రిగ్గర్ గొడవకొస్తాను. మెకానికల్‌లో రెండు చిన్న ఉక్కు అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నొక్కితే జారి విడిపోతాయి. ఎలక్ట్రానిక్‌లో మన వేలు స్విచ్చు మాత్రమే నొక్కుతుంది, మిగతా పని సర్క్యూట్‌ది. ఎలక్ట్రానిక్ వాళ్లు ప్రతి షాట్‌కీ ఒకటే తీరు అంటారు. మెకానికల్ వాళ్లు టోక్యో అంటారు. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మన షూటర్ మనూ భాకర్ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాల్సిన చోట పావుగంట పైనే పోయింది. 575 స్కోరుతో 12వ స్థానం, ఫైనల్ చేజారింది. అప్పటి నుంచి మెకానికల్ వాళ్ల చేతిలో అదే బ్రహ్మాస్త్రం: "చూశారా, కరెంటును నమ్ముకుంటే అంతే". అయ్యా, ఆ రోజు ముందు విరిగింది లివర్, అంటే పెల్లెట్ పెట్టడానికి తెరిచే మీట. లివర్‌లో ఏ కరెంటూ ఉండదు. సర్క్యూట్ తంటా దాని తర్వాత వచ్చింది.

ఇంత వెనకేసుకొచ్చాను కదా, నాది ఎలక్ట్రానిక్ అనుకునేరు. నాది మెకానికల్. నాకు అదే ఇష్టం. లేత బెండకాయ చివర తుంచినప్పుడు టక్కుమంటుందే, వేలికి అలా తెలుస్తుంది. నిజం చెప్పాలంటే నాకు పిస్టల్ అమ్మిన ఆ పెద్దమనిషి ఎలక్ట్రానిక్ అమ్మి ఉంటే ఈపాటికి దాని మీద ఇంతే ప్రేమగా రాసేదాన్ని. మా రేంజ్‌లో చాలామంది ఇష్టాలు డబ్బు కట్టాకే పుట్టాయి. లక్షలు పోసి కొన్నాక "ఇది నాకు కుదరలేదు" అనడానికి నోరు రాదు కదా.

ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు ఉండాలన్నది రూలు. అందరూ సరిగ్గా 500 దగ్గర గీత మీద పెట్టుకుంటారు. నేనూ పెట్టాను. ఒక లోకల్ మ్యాచ్‌లో పిస్టల్‌ని నిలువుగా పట్టి ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి లేపితే, ఆగాల్సిన ట్రిగ్గర్ కాస్తా టక్. మళ్లీ టక్. ఇచ్చేవి మూడే అవకాశాలు. ఎవరి దగ్గరో ఎలెన్ కీ అడుక్కుని స్క్రూ బిగించి గట్టెక్కాను గానీ, ఆ రోజంతా వేలు నా మాట వినలేదు. అప్పటి నుంచి ముప్పై గ్రాములు ఎక్కువే ఉంచుతాను. "బరువు మేడమ్" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

యూసుఫ్ డికేచ్ ఫొటో పట్టుకొచ్చే వాళ్లు ఇంకో రకం. 2024 జులై 30న పారిస్ ఒలింపిక్స్‌లో ఆడ, మగ జోడీగా కాల్చే మిక్స్‌డ్ ఈవెంట్‌లో రజతం గెలిచిన తుర్కియే షూటర్. జేబులో చెయ్యి, మామూలు కళ్లద్దాలు. మన మనూ, సరబ్‌జోత్ సింగ్ జోడీ కంచు పతకం గెలిచింది కూడా ఆ ఈవెంట్‌లోనే. "చూశారా, ఏ సామానూ అక్కర్లేదు" అని మా వాళ్లు తేల్చేశారు. జేబులో చెయ్యి మేమందరం పెట్టుకుంటాం, రెండో చెయ్యి ఊగకుండా. చెవుల్లో ప్లగ్గులు ఆయనకూ ఉన్నాయి, ఫొటోలో సరిగ్గా కనపడవంతే. అది ఆయనకు అయిదో ఒలింపిక్స్. ఆ చేతిలో ఉన్నది కూడా పోటీల కోసం చేసిన పిస్టలే, జాతరలో బుడగలు పేల్చేది కాదు.

ఆడవాళ్ల తుపాకీ అనే మాట ఇంకా చిరాకు. 2014లో కాన్పూర్ ఆయుధాల ఫ్యాక్టరీ నుంచి నిర్భీక్ అని .32 రివాల్వర్ వచ్చింది, మహిళల కోసమని, అర కిలో బరువుతో, నగల పెట్టెలాంటి పెట్టెలో. బరువు తగ్గితే అదే తూటాకు తుపాకీ చేతిని వెనక్కి తన్నడం పెరుగుతుంది. నా వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందుతుందా అని అడగడం మానేసి నగల పెట్టె ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా రేంజ్‌కి ఒక రిటైర్డ్ సుబేదార్ గారు వస్తారు, మనవడిని దింపడానికి. ఆయన దృష్టిలో పిస్టల్ అంటే సర్వీసులో మోసిన 9 ఎంఎం, ఇషాపూర్‌లో చేసిన బ్రౌనింగ్ నమూనా, 13 తూటాల మ్యాగజైన్. మావన్నీ బొమ్మలు. ఆయనతో వాదించను. పడినా, బురదలో నానినా పేలాల్సిన తుపాకీతో ఆయన బతికారు. నాది ఏసీ గదిలో వెల్వెట్ పెట్టెలో పడుకునేది. రెంటినీ పోల్చడమంటే ఎడ్లబండినీ వీణనూ పోల్చడమే, రెండూ చెక్కతో చేసినవని.

పోయిన ఆదివారం ఆయనే అడిగారు, "ఏదమ్మా, ఒకసారి ఇటివ్వు" అని. ఖాళీ చేసి, చూపించి ఇచ్చాను. కుడిచేత్తో పట్టుకున్నారు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, అరుగు వచ్చి అరచేతిలో గుచ్చుకుంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఇదేంటమ్మా, చేతిలో ఇమడదే!"

"నాకూ మూడేళ్లు అలాగే ఉండేది సార్" అన్నాను.